బొడిపె గిన్నె ఎవరిది?

ఇంటికొచ్చిన మనిషి ఏదైనా వస్తువు చూసి బాగుందన్నాడంటే, దాన్ని తుడిచి, కాగితంలో చుట్టి, అతని చేతిలో పెట్టి పంపాలి. ఇది మా పుట్టింటి నియమం. ఎవరు పెట్టారో తెలియదు. నేను బడికి పోలేదు గానీ ఖురాన్‌ను అర్థంతో సహా ఇంట్లోనే చదువుకున్నదాన్ని. నాకు తెలిసినంతలో అందులో అతిథికి అన్నం పెట్టమని ఉంది. ఇంట్లో ఆడపిల్ల చేసుకున్న వస్తువును అడక్కుండా ఎత్తి ఇచ్చేయమని మాత్రం ఎక్కడా లేదు. అయినా మా నాయన బతికినన్నాళ్ళూ ఆ నియమం పాటించి, ధారాళమైన మనిషని ఊళ్ళో పేరు తెచ్చుకున్నాడు. ఆ ధారాళం ఎవరి వస్తువులతో నడిచిందో మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ, షార్జాలో, నా మనవరాలి విషయంలో అదే మళ్ళీ జరిగాక, నాకూ ఊరుకోబుద్ధి కాలేదు.

కరోనా తగ్గి విమానాలు మామూలుగా తిరగడం మొదలయ్యాక నేను నా కూతురు హసీనా దగ్గరికి వచ్చాను. మా ఆయన పోయాక ఊళ్ళో ఒంటిగా ఎందుకని అది పట్టుపట్టింది. అల్లా దయవల్ల కిటికీ ఉన్న గది నాకే ఇచ్చారు. సాయంత్రం అసర్ నమాజు వేళకు వెలుగు వచ్చి సరిగ్గా జానమాజ్ చాప మీద పడుతుంది. ఈ ఊళ్ళో కిటికీ ఉన్న గది దొరకడం చిన్న మాట కాదని తెలుసు గనక రోజూ షుకర్ చెప్పుకుంటాను. అల్లుడు రఫీ ఇండస్ట్రియల్ ఏరియాలో చెక్కసామాను చేసే వర్క్‌షాప్‌లో పనిచేస్తాడు. అత్తరు సీసాల పెట్టెలు, ఖర్జూరాల పళ్ళేలు, జపమాలలు చేస్తారక్కడ. ఓ సాయంత్రం పని నుంచి వస్తూనే సంచీలోంచి ఓ చెక్కముద్ద తీసి నా ముందు పెట్టాడు.

"అత్తమ్మా, ఇది చూడు. కెనడా నుంచి వచ్చిన మేపుల్ చెట్టు బొడిపె. పక్కన చీలిందని ముదీర్ పారేయమన్నాడు. మా అత్తమ్మకి బొడిపెలంటే ప్రాణం, ఇంటికి తీసకపోతానంటే, యల్లా తీసకపో అన్నాడు."

ముదీర్ అంటే అక్కడ వాళ్ళ మేనేజరు. నేను ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చీరకొంగుతో రుద్దాను. మీగడలో తేనె కలిపినట్టున్న రంగు. అందులో పిట్టకళ్ళలా చిన్నచిన్న చుక్కలు, వాటి చుట్టూ ఎటు పోతున్నాయో తెలియని సుడులు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాలు కాచి దించిన గిన్నెలాగా లేత తీపి వాసన. మా అడవి బొడిపెల వాసన ఇది కాదు. మావి వగరు వాసన, చింతచిగురు నలిపినట్టు. అయినా ఆ సుడులు చూడగానే నా కళ్ళు చెమర్చాయి. మనవరాలు సనా పక్కన కూర్చుని "ఏందమ్మమ్మా, చెక్కని చూసి ఏడుస్తావు?" అని నవ్వింది.

మాది నెల్లూరు జిల్లాలో కొండకింది ఊరు. మా ఇంట్లో మగవాళ్ళందరిదీ చెక్క గరిటెలు, చెంచాలు చేసే పని. తెల్లవారి ఫజర్ నమాజు అయ్యీ కాకముందే పంచలో నాయన చేబాడిస చప్పుడు మొదలయ్యేది. మా అమ్మ ఆ చప్పుడును బట్టి లోపల ఏ పని ఎక్కడిదాకా వచ్చి ఉండాలో చూసుకునేది. నాయన పెద్ద చెక్కుడు దాటి సన్న చెక్కుడులోకి వచ్చేసరికి చాయ్ గ్లాసు పక్కన ఉండాలి. చెక్కపేళ్ళతోనే పొయ్యి వెలిగేది, చెక్కపొడితోనే అంట్లు తోమేవాళ్ళం, అన్నంలో కూడా ఎప్పుడైనా ఓ సన్నటి పేడు పంటికింద పడేది. దాన్ని తీసి పక్కన పెట్టి మళ్ళీ తినడమే, ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. మా నాయనమ్మను మేం జేజి అనేవాళ్ళం. ఆమె దగ్గర ఎప్పుడూ నువ్వులనూనె, సాంబ్రాణి కలిసిన వాసన వచ్చేది. అరబ్బీ అక్షరాలు నాకు ఆమే నేర్పింది. తెలుగు మా మేనత్త నేర్పింది, సంత నుంచి బెల్లం చుట్టి తెచ్చిన కాగితాలు విప్పి చదివిస్తూ.

అడవి నుంచి తెచ్చిన కొమ్మల్లో అప్పుడప్పుడూ బొడిపె ఉన్న దుంగ వచ్చేది. చెట్టుకు దెబ్బ తగిలినచోటో, పురుగు తొలిచినచోటో చెక్క ముద్దగా ఉబ్బి గట్టిపడుతుంది. అదే బొడిపె. మామూలు చెక్కకు ఓ దారి ఉంటుంది, ఉలి ఆ దారి పట్టి పోతుంది. బొడిపెకు దారి లేదు. ఎటు పెట్టినా ఉలి ఎగిరిపడుతుంది, చెక్క పెచ్చు లేస్తుంది. అందుకని మగవాళ్ళు దాన్ని నరికి పొయ్యిలోకి విసిరేసేవాళ్ళు. జేజి పొయ్యి దగ్గర కూర్చుని వాటిలో మంచివాటిని ఏరి దాచేది. ఇంట్లో ఒక్కో ఆడపిల్లకు ఒక్కో బొడిపె. "ఇదిగో, ఇది నీదిమే" అని చేతిలో పెట్టేది. అంతే, ఇక అది ఆ పిల్లదే.

పచ్చి బొడిపెను ఎండలో పెడితే రాత్రికి రాత్రే చీలిపోతుంది. జేజికి దాన్ని ఆరబెట్టే పద్ధతి ఒకటుండేది. పెరట్లో మేం నమాజుకు ముందు వజూ చేసుకునే బండ పక్కన నీళ్ళు ఇంకేందుకు ఇసక పోసి ఉండేది. ఆ తడి ఇసకలో బొడిపెను పాతిపెట్టించేది. ప్రతి రంజాన్ నెలవంక కనిపించిన సాయంత్రం దాన్ని తవ్వి తీసి, నీటి నుంచి ఓ జానెడు దూరంగా మళ్ళీ పాతాలి. మరుసటి రంజాన్‌కు ఇంకో జానెడు. అట్లా తడి నుంచి పొడికి అది నడిచినట్టు నడుస్తూ, గోడవారగా పొడి ఇసకలోకి చేరేసరికి పిల్లకు ఊహ తెలిసేది, ఓణీ వేసుకునే వయసు వచ్చేది. మధ్యలో తీసి చూడాలని నాకెంత ఉండేదో! "ముట్టుకోబాకమే, దానికి చలేస్తాది" అని జేజి కర్రతో నేల మీద కొట్టేది. రోజుకి అన్నిసార్లు ఇంటిల్లిపాదీ చేతులూ కాళ్ళూ కడుక్కున్న వజూ నీళ్ళు తాగిన చెక్క గనక అందులో బర్కత్, అల్లా దీవెన ఉంటుందని ఆమె నమ్మకం. నాకూ అదే నమ్మకం, ఇప్పటికీ.

ఆ తర్వాత దాన్ని ఉలితో కాదు, పగిలిన గాజు పెంకుతో గీకాలి. గాజుకు చెక్క దారితో పనిలేదు. ఎటు గీకినా వెంట్రుకంత పొర లేస్తుంది, అంతకంటే లేవదు. మధ్యాహ్నం మగవాళ్ళు తిని పడుకున్నాక, మేం ఆడపిల్లలం పెరట్లో వేపచెట్టు నీడన కూర్చుని గీకేవాళ్ళం. నా గిన్నె తయారవ్వడానికి ఎన్ని మధ్యాహ్నాలు పట్టిందో నేను లెక్క పెట్టుకోలేదు. లోపలి గుంట లోతు పడేకొద్దీ కొత్త సుడి బయటపడేది. ఈరోజు ఇక్కడ ఒక కన్ను కనిపిస్తే, రేపు అది మాయమై పక్కన ఇంకోటి. నువ్వులనూనె పట్టించిన రోజున అది చీకటి వంటింట్లో దీపంలా మెరిసింది. జేజి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఊఁ" అంది. జేజి నోట ఆ "ఊఁ" రావడం ఎంత గొప్పో మా ఇంట్లోవాళ్ళకే తెలుసు. ఆ రంజాన్‌లో ఇఫ్తార్ గంజి నా గిన్నెలో పోసుకుని తాగాను. ఇంట్లో నాదంటూ ఉన్న వస్తువు అదొక్కటే. బట్టలు అక్కవి, చెప్పులు మేనత్తవి, పడుకునే చాప అందరిదీ. గిన్నె మాత్రం నాది.

ఆ రోజుల్లోనే పట్నం నుంచి ఒక ఆఫీసరు మా గరిటెల పని చూడటానికి వచ్చాడు. నాయన పొంగిపోయి భోజనానికి కూర్చోబెట్టాడు. పెరుగు పోయడానికి మంచి గిన్నె కావాలంటే అమ్మ నా గిన్నె తీసింది. నేను తెర వెనక నిలబడి ఉన్నాను. ఆఫీసరు గిన్నెను పైకెత్తి, వెలుగులో తిప్పి, "ఇదేం చెక్కండీ, భలే ఉందే!" అన్నాడు. అంతే. ఆ మాట పూర్తి కాకముందే నాయన అన్నాడు.

"తమరికి నచ్చిందా సార్? ఇంకేముంది, తమరిదే."

"అబ్బే, వద్దొద్దు."

"అట్టా అంటే ఎట్టా సార్. మా ఇంటికొచ్చి మెచ్చుకున్నారు, వదిలేసి పోతే మాకు నామర్దా." లోపలికి తిరిగి, "ఏమే, ఆ గిన్నె కడిగి తే" అని అమ్మను కేకేశాడు.

అమ్మ నా ముఖం చూసింది. చూసి, గిన్నె కడిగింది. నేనే దాన్ని తుడిచాను, తుడవమని నా చేతికే ఇచ్చారు! ఆఫీసరు వెళుతూ వెళుతూ, "మీ చేతిపని అద్భుతం" అని నాయన భుజం తట్టాడు. నాయన తల వంచుకుని నవ్వాడే గానీ, "అది నా చేతిపని కాదు సార్, మా పిల్లది" అని ఒక్క ముక్క అనలేదు. తెర ఎంత దూరం? ఒక్క అడుగు. ఆ అడుగు వేసి, "ఇస్తావా అమ్మా?" అని నన్నడిగితే ఆయన సొమ్మేం పోయేది?

నేను పెరట్లో కూర్చుని ఏడుస్తుంటే జేజి వచ్చింది. ఆ బొడిపెను పొయ్యిలోంచి తీసి నా చేతిలో పెట్టిన మనిషే కదా, నా పక్కన మాట్లాడుతుందనుకున్నాను. "పోనీలేమే, అల్లా ఇంకోటి ఇస్తాడు. లేచి రెండు రకాతుల నమాజు చదివి షుకర్ చెప్పుకో" అంది. నేను లేచి చదివాను. దేవుడికి నేను చెప్పిన షుకర్ నిజమైనదే, అందులో తేడా లేదు. కానీ ఆ రోజు నుంచి ఇంట్లో వాళ్ళందరికీ ఒక సంగతి బోధపడింది. ఈ పిల్ల దగ్గర ఏం తీసుకున్నా షుకర్ చెప్పుకుని ఊరుకుంటుంది అని. అల్లాకు నేను చెల్లించే కృతజ్ఞతను వీళ్ళంతా తమ ఖాతాలో వేసుకున్నారు. ఇది నాకు ఇప్పటికీ మండుతుంది.

నాయన చెడ్డవాడు కాదు. మా మీద చెయ్యెత్తలేదు, పస్తుంచలేదు, సంతకు పోతే నాకోసం బొరుగుల ఉండ తేకుండా రాలేదు. ఆయన కబరులో నూర్, అంటే అల్లా వెలుగు, నిండాలని రోజూ దువా చేస్తాను. కానీ ఆయన చేబాడిసను ఒకసారి వియ్యంకుడొకాయన ఎంతగానో మెచ్చుకుంటే, "పనిముట్టు ఇవ్వకూడదు బావా, బర్కత్ పోతాది" అన్నాడు. మరి నా గిన్నె? దానికి బర్కత్ లేదా? ఆయన వస్తువు పనిముట్టు, నా వస్తువు మర్యాద సామగ్రి!

సనాకు ఇదంతా చెప్పాను, గిన్నె పోయిన సంగతి తప్ప. పిల్లకు ఉత్సాహం పుట్టింది, తనూ చేస్తానంది. మేపుల్ బొడిపె ముందే ఎండి వచ్చింది గనక పాతిపెట్టే పని లేదు. బడికి వేసవి సెలవులు. పగిలిన జామ్ సీసా పెంకుకు ఒకవైపు గుడ్డ చుట్టి ఇచ్చాను. మా బాల్కనీలో ఏసీ డబ్బా వేడి గాలి ఊదుతుంటే, ఆరేసిన బట్టలకింద కూర్చుని గీకేది. ఎండకు ఉండలేకపోతే లోపలికొచ్చి దుప్పటి పరుచుకుని దాని మీద గీకేది. "ఇల్లంతా దుమ్ము, అమ్మా, నువ్వే దీన్ని పాడుచేస్తుండావు" అని హసీనా చీపురు పట్టుకుని తిరిగేది. రఫీ పనిచేసేచోట ఇవే బొడిపెల్లో నీలం రంగు జిగురు పోసి, అద్దంలా మెరుగు పెట్టి, అందులో ఏమీ తినకూడదని చెప్పి అమ్ముతారట. తినడానికి పనికిరాని గిన్నె దేనికో నాకర్థం కాలేదు. సనా ఆ చీలికను పూడ్చలేదు. దాని అంచు వెంటే గిన్నె పెదవి వచ్చేట్టు గీకింది. అది నేను చెప్పింది కాదు, దానికే తోచింది. నూనె పట్టించిన రోజున నా నోటివెంట కూడా "ఊఁ" అనే వచ్చింది.

మర్నాడు రఫీ పనికి పోతూ, "మావాళ్ళకి చూపిస్తా తల్లీ" అని గిన్నె పట్టుకెళ్ళాడు. సాయంత్రం వట్టి చేతులతో, వెలిగిపోతున్న ముఖంతో వచ్చాడు.

"సనా, నీ గిన్నె చూసి ముదీర్ ఎంత మెచ్చుకున్నాడో! మాషా అల్లా, మాషా అల్లా అని ఒకటే. ఉంచుకోండి సార్ అని ఇచ్చేశా."

సనా చేతిలో రొట్టెముక్క ఆగిపోయింది. "ఇచ్చేశావా?" అంది.

"మరి? పెద్దాయన అంత మెచ్చుకుంటే వెనక్కి తెచ్చేదానికి బాగుంటుందా?"

"పోనీలేమే" అంది హసీనా, రొట్టె తిప్పుతూ. "మీ నాయన ఇంకో ముక్క తెస్తాడులే."

సనా లేచి తన పళ్ళెం కడగడానికి పోయింది. ఆ వీపు చూశాక నాకు ఒళ్ళు మండిపోయింది. అదే మాట! అదే పోనీలేమే! కొండ కింద నుంచి సముద్రం దాటి, విమానమెక్కి, మా అందరికంటే ముందే వచ్చి ఈ ఇంట్లో కూర్చుంది!

"రఫీ, రేపు నన్నూ సనానూ నీ వర్క్‌షాప్‌కి తీసుకుపో" అన్నాను.

"ఎందుకత్తమ్మా?"

"గిన్నె అడగడానికి."

"అయ్యో, ఇచ్చింది ఎట్టా అడుగుతాం? నా పరువేం గాను? ముదీర్ ఏమనుకుంటాడు? వీసా ఆయన చేతిలో పని అత్తమ్మా."

"ఇచ్చింది నీదయితే అడగను నాయనా. నీ చేతిగడియారం ఇచ్చిరా, నేను నోరెత్తను."

హసీనా "అమ్మా!" అంది. అల్లుడితో నేనెప్పుడూ అట్లా మాట్లాడి ఎరగను. రఫీ మంచి పిల్లవాడు, నన్ను తన తల్లిలా చూసుకుంటాడు. వాడి భయం కూడా నిజమే. కానీ ఆ భయానికి వెల వాడు కట్టాలి గానీ, పిల్ల చేత కట్టించడమేమిటి?

మర్నాడు బుర్ఖా వేసుకుని బయల్దేరాను. సనా రానంటే, "నీ వస్తువు, నువ్వే అడగాలి, నేను పక్కన నిలబడతా" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. గ్యారేజీలు, ఇనుప షెడ్లు, టైర్ల కుప్పలు దాటి వర్క్‌షాప్ చేరాం. లోపల కోత మిషన్ల రొద. ముదీర్ అరబ్బుల్లో ఏ దేశంవాడో, నెరిసిన గడ్డం మనిషి. చేతులు గుండెమీద పెట్టుకుని సలాం చెప్పి మమ్మల్ని కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు. రఫీ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

సనా హిందీలో తిన్నగానే అడిగింది. "అంకుల్, ఆ గిన్నె నేను చేసుకున్నాను. మా నాన్న నన్నడక్కుండా మీకిచ్చాడు. నాకు కావాలి."

ముదీర్ ఓ క్షణం రఫీ వైపు చూశాడు. నేను లోపల్లోపల, కీడు జరక్కుండా చదివే ఖురాన్ వాక్యం, ఆయతుల్ కుర్సీ చదువుతున్నాను. ఆయన సొరుగు లాగి, కాగితంలో చుట్టి ఉన్న గిన్నెను తీసి రెండు చేతులతో సనా ముందు పెట్టాడు. ముఖంలో కోపం లేదు సరిగదా, పెద్ద బరువు దించుకున్నట్టు నవ్వు.

"హమ్ బోలా, బహుత్ అచ్ఛా. యే బోలా, లేలో. హమ్ దో బార్ బోలా, నై నై. యే సున్‌తా నై!" అని రఫీని చూపించి తల కొట్టుకున్నాడు. తను రెండుసార్లు వద్దన్నా రఫీ వినలేదట. వాళ్ళలోనూ అతిథి మెచ్చుకుంటే తీసుకోమని అంటారట, అతను వద్దంటాడు, అక్కడితో మర్యాద తీరిపోతుందట. నిజంగా చేతిలో పెట్టేసేవాళ్ళను ఇప్పుడే చూశానన్నాడు. కాదంటే రఫీ నొచ్చుకుంటాడని తీసుకున్నాడట, బదులుగా ఏమివ్వాలో తెలియక సొరుగులో దాచాడట. "ఖలాస్, బేటీ. తుమారా హై" అన్నాడు, అది నీదేనని.

అంతేనా? ఇంత తేలికా? నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. ఆ ఆఫీసరు కూడా "వద్దొద్దు" అన్నాడు, నేను తెర వెనక నుంచి విన్నాను. ఆయనకూ అది అక్కర్లేదేమో. పట్నంలో ఏ బీరువా మీదో పడేసి మరిచిపోయాడేమో. నాయన ఒక్కసారి ఆ "వద్దు"ను విని ఉంటే చాలు. అమ్మ నా ముఖం చూసింది కదా, ఆ చూసినదాన్ని నోటితో అంటే చాలు. జేజి షుకర్ చెప్పుకొమ్మనే ముందు పంచలోకి నాలుగడుగులు వేసి, "అబ్బయా, అది పిల్లది" అంటే చాలు. ఎవరి ప్రాణమూ పోయేది కాదు, ఎవరి పరువూ మంటగలిసేది కాదు. ముగ్గురిలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. అక్కర్లేని వాడికి ఇచ్చి, కావాల్సినదాన్ని ఏడిపించి, దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నారు.

బయటికి వచ్చాక ఎండ కళ్ళల్లో పొడిచింది. సనా కాగితం విప్పి, గిన్నె అంచంతా వేలితో తడిమి చూసుకుంటోంది. రఫీకి ప్రాణం కుదుటపడింది, నవ్వు కూడా వచ్చింది. "ఏందే, గిన్నె దొరగ్గానే మనుషుల్ని మర్చిపోయావా? అమ్మమ్మకి థ్యాంక్స్ చెప్పు" అన్నాడు.

సనా తలెత్తింది.

"ఏం అక్కర్లేదు" అన్నాను. "దాని వస్తువు దాని చేతికొచ్చింది. ఎవరికీ చెప్పక్కర్లేదు."